రిస్టోర్ రాశాకే డిలీట్ రాయండి

(నెల్లూరులో వెబ్ డెవలపర్లు, కంప్యూటర్ సైన్సు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినపడుతోంది గదా? సరే, మొదలుపెడతాను.

ఒక మేత అంగడిని ఉదాహరణగా పెట్టుకుందాం. ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు, ఎటు పోయినా రొయ్యల గుంటలున్న ఊళ్లో ఇలాంటి అంగడి కనపడుతుంది. రైతు సీడ్, అంటే రొయ్య పిల్లలను, వదిలిన నాటి నుంచి పట్టుబడి దాకా మేత బస్తాలు అప్పు మీద తీసుకుపోతాడు, పట్టుబడి డబ్బు చేతికొచ్చాక జమ చేస్తాడు. ఆ అంగడికి మనమొక వెబ్ అప్లికేషన్ రాసిచ్చాం. అందులో ఐదు టేబుళ్లు: రైతులు, గుంటలు, బిల్లులు, బిల్లు లైన్లు, జమలు. ఒక సాయంత్రం గుమాస్తా ఒకే పేరున్న ఇద్దరు రైతుల్లో ఒకరిని తీసేయబోయి రెండో ఆయన్ని తీసేశాడు. పొద్దున్నే ఓనర్ ఫోను: "ఏందయ్యా, ఆయన ఖాతా కనపడటంలా. ఆడ లక్షల్లో బాకీ ఉండాది."

డిలీట్ అనే ఎస్‌క్యూఎల్ వాక్యం నిజంగానే నడిచి ఉంటే ఇక మిగిలింది రాత్రి తీసిన బ్యాకప్. దాన్ని నడుస్తున్న డేటాబేస్ మీద దించితే పొద్దున్నుంచి కొట్టిన బిల్లులన్నీ పోతాయి. అందుకని పక్కన ఇంకో డేటాబేస్ లేపి, బ్యాకప్‌ను అందులో దించి, ఆ రైతు రికార్డునూ ఆయన గుంటలనూ వెతికి పట్టుకుని, ఐడీలు మారకుండా అసలు దాంట్లోకి ఎక్కించాలి. పని తెలిసినవాళ్లకే సగం రోజు. అంతసేపూ రైతు అంగడి ముందే నిలబడి ఉంటాడు.

ఈ బాధ లేకుండా చేసుకునేదే సాఫ్ట్ డిలీట్. రికార్డు టేబుల్లోనే ఉంటుంది, తీసేసినట్టు ఒక గుర్తు పెడతాం. లారావెల్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో సాఫ్ట్‌డిలీట్స్ అనే ట్రెయిట్ ఒక లైను చేరిస్తే వచ్చేస్తుంది. అలాంటి ఫ్రేమ్‌వర్కులే అయిన రెయిల్స్‌కు డిస్కార్డ్ అనే జెమ్, జాంగోకు సేఫ్‌డిలీట్ ప్యాకేజీ ఉన్నాయి. జావా వాళ్ల హైబర్నేట్‌లో 6.4 వెర్షన్ నుంచి దానికోసమే ఒక యానొటేషన్ ఇచ్చారు. డాట్‌నెట్ వాళ్లకు ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో క్వెరీ ఫిల్టర్ ఉంది. అంతా సులువే. డిలీట్ ఒక్క లైనులో అయిపోయింది కాబట్టి రిస్టోర్, అంటే తిరిగి లేపడం, కూడా ఒక్క లైనేలే అనుకుంటాం. గుర్తు తీసేస్తే చాలదా అని. చాలదు. ఎందుకు చాలదో అదే ఈరోజు విషయం.

ముందు ఆ గుర్తు సంగతి త్వరగా తేల్చేద్దాం. ఈజ్_డిలీటెడ్ అని ఔను-కాదు కాలమ్ పెట్టొద్దు. డిలీటెడ్_యాట్ అని టైమ్‌స్టాంప్ పెట్టండి. బతికున్న రికార్డుకు అది నల్, అంటే విలువ లేని ఖాళీ, తీసేసినదానికి తీసేసిన సమయం. ఎప్పుడు తీశారన్నది తెలియకపోతే 90 రోజులు దాటినవాటిని శాశ్వతంగా తుడిచే పని ఎప్పటికీ రాయలేరు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే టైమ్‌జోన్ ఉన్న టైమ్‌స్టాంప్ రకమే వాడండి. ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్నవి కూడా కావాలి, కానీ వాటిని అదే టేబుల్లో కుక్కనక్కర్లేదు. వాటికి వేరే చోటుంది, చెబుతాను.

ఇప్పుడు మనం పడిపోయే మొదటి గుంత. గుర్తు పెట్టాక, డేటాను అడిగే ప్రతి క్వెరీలోనూ "డిలీటెడ్_యాట్ ఈజ్ నల్" అనే షరతు ఉండాలి. ఫ్రేమ్‌వర్క్ దాన్ని తనంతట తానే చేరుస్తుంది, నిజమే. అయితే ఎక్కడెక్కడ చేర్చదో మీకు తెలిసి ఉండాలి. లారావెల్లో మోడల్, అంటే కోడ్‌లో టేబుల్ తరఫున ఉండే క్లాసు, ద్వారా వెళ్తే షరతు చేరుతుంది, డీబీ టేబుల్ అని నేరుగా క్వెరీ బిల్డర్ వాడితే చేరదు. నెలాఖరు రిపోర్టులు, ఎక్సెల్ ఎక్స్‌పోర్టులు ఎక్కువగా రాసేది ఈ రెండో పద్ధతిలోనే. అందుకే తెర మీద 212 మంది రైతులుంటే ఎక్సెల్లో 219 మంది వస్తారు.

దీనికి సరిగ్గా తిరగేసిన తప్పు కూడా ఉంది. పాత బిల్లు తెరిచారు. బిల్లు బతికే ఉంది, రైతు రికార్డు సాఫ్ట్ డిలీట్ అయి ఉంది. లారావెల్లో బిల్లు నుంచి రైతును అడిగితే అదే షరతు అక్కడా పనిచేసి నల్ వస్తుంది, దాని పేరు అడగ్గానే పేజీ ఎర్రర్‌తో ఆగిపోతుంది. కాబట్టి బిల్లు మోడల్లో రైతు రిలేషన్ రాసేటప్పుడే విత్‌ట్రాష్డ్, అంటే తీసేసినవాటినీ కలుపు, అని చేర్చాలి, పాత బిల్లు మీద పేరు ఎప్పటికీ ఉండాల్సిందే గదా. జాంగోలో ఇది ఉల్టా. అక్కడ ఫారిన్ కీ, అంటే ఇంకో టేబుల్లోని రికార్డును చూపే కాలమ్, మీదుగా తండ్రి రికార్డును, ఇక్కడ రైతును, తెచ్చేటప్పుడు బేస్ మేనేజర్ వాడుతుంది, మీరు రాసుకున్న ఫిల్టర్ మేనేజర్‌ను పట్టించుకోదు. అందువల్ల తీసేసిన రైతు పేరు బిల్లులో కనపడుతూనే ఉంటుంది. మనకది మేలే, కానీ తెలియకుండా జరిగే మేలు మీద లెక్క వేసుకోకూడదు. డిస్కార్డ్ జెమ్ రాసినవాళ్లు ఈ తలనొప్పి వద్దనే డీఫాల్ట్ స్కోప్, అంటే అన్ని క్వెరీలకూ తానే చేరే షరతు, పెట్టలేదు. కావాల్సిన చోట కెప్ట్ అని మీరే రాయాలి. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. రాయడం మర్చిపోతే కనపడకూడనిది కనపడుతుంది, ఎవరో ఒకరు వెంటనే గోల చేస్తారు. కనపడాల్సింది కనపడకపోతే ఎవరికీ నెలల తరబడి తెలియదు.

లెఫ్ట్ జాయిన్ సంగతి కాస్త నిదానంగా చూడండి, అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ జారిపడతారు. ప్రతి రైతుకు ఎన్ని గుంటలున్నాయో జాబితా కావాలి. గుంటలు లేని రైతు కూడా సున్నాతో రావాలి, అందుకే లెఫ్ట్ జాయిన్, అంటే గుంటల వైపు జత లేకపోయినా రైతు వరసను ఉంచే జాయిన్. గుంటల టేబుల్‌కు పెట్టాల్సిన "డిలీటెడ్_యాట్ ఈజ్ నల్" అనే షరతును కింద, వచ్చిన వరసలను వడపోసే వేర్ దగ్గర పెట్టారనుకోండి. అసలు గుంటలే లేని రైతు వస్తాడు, ఎందుకంటే అటువైపు అన్నీ నల్లే, షరతు నెగ్గుతుంది. కానీ మూడు గుంటలుండి మూడూ తీసేసిన రైతు? జాయిన్‌లో ఆయనకు మూడు వరసలొస్తాయి, మూడింట్లోనూ డిలీటెడ్_యాట్‌లో తేదీ ఉంది, వేర్ మూడింటినీ కొట్టేస్తుంది. సున్నాతో రావాల్సిన మనిషి జాబితాలోంచే మాయమవుతాడు. ఆ షరతు జాయిన్‌లో రెండు టేబుళ్లను జత కలిపే ఆన్ పక్కన ఉండాలి. రైతుకు సంబంధించిన షరతు మాత్రం వేర్ దగ్గరే ఉండాలి. ఈ రెంటినీ తారుమారు చేయొద్దు.

పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకు ఇంకో ఉపాయం: అసలు టేబుల్ పేరు మార్చి, బతికున్న రికార్డులతో ఒక వ్యూ, అంటే టేబుల్లా కనపడే క్వెరీ, కట్టి, పాత పేరు వ్యూకే ఇవ్వండి. ఒకే టేబుల్ మీద కట్టిన సాదా వ్యూలోకి ఇన్‌సర్ట్, అప్‌డేట్ రెండూ నేరుగా నడుస్తాయి. రిపోర్టులు రాసేవాళ్లకు వ్యూ మీదే అనుమతి ఇస్తే వాళ్లు షరతు మర్చిపోయే సమస్యే ఉండదు.

రెండో గుంత యూనిక్, అంటే ఒకే విలువ రెండు రికార్డుల్లో ఉండకూడదనే కట్టడి. రైతు ఫోన్ నంబరు యూనిక్ అని పెట్టాం. గుంట దగ్గర కరెంటు సర్వీసు నంబరు యూనిక్ అని పెట్టాం. కౌలు రైతు పంట తీసి వెళ్లిపోయాడు, అతని గుంట రికార్డు సాఫ్ట్ డిలీట్ చేశారు. అదే గుంట ఇంకొకరు కౌలుకు తీసుకున్నారు, అదే మీటరు, అదే సర్వీసు నంబరు. ఎక్కించబోతే "ఇప్పటికే ఉంది" అంటుంది. గుమాస్తాకు మాత్రం ఎక్కడా కనపడదు. వెంటనే ఏం చేస్తాడు? నంబరు చివర ఒక చుక్క పెట్టి ఎక్కిస్తాడు. ఇక ఆ డేటా పాడైపోయినట్టే.

పోస్ట్‌గ్రెస్‌లో మందు తేలిక. సర్వీసు నంబరు మీద యూనిక్ ఇండెక్స్ కట్టి దానికే "వేర్ డిలీటెడ్_యాట్ ఈజ్ నల్" అని తగిలించండి. పార్షియల్ ఇండెక్స్ అంటారు దీన్ని. బతికున్నవాటిలోనే నంబరు ఒక్కటిగా ఉంటుంది, తీసేసినవి ఎన్నయినా ఉండొచ్చు. ఇండెక్స్ సైజు కూడా తగ్గుతుంది. జాంగోలో 2.2 నుంచి యూనిక్ కన్‌స్ట్రెయింట్‌కు కండిషన్ ఇచ్చి ఇదే చేయొచ్చు. అప్‌సర్ట్, అంటే ఉంటే మార్చు, లేకపోతే ఎక్కించు అనే ఆదేశం, వాడేవాళ్లు జాగ్రత్త: ఆన్ కాన్‌ఫ్లిక్ట్‌లో కాలమ్ పేరు రాసి వదిలేస్తే, సరిపోయే యూనిక్ కన్‌స్ట్రెయింట్ లేదని ఎర్రర్ ఇస్తుంది. అక్కడ కూడా అదే వేర్ షరతును మళ్లీ రాయాలి.

మైఎస్‌క్యూఎల్లో పార్షియల్ ఇండెక్స్ లేదు. చాలామంది ఏం చేస్తారంటే సర్వీసు నంబరు, డిలీటెడ్_యాట్ రెంటినీ కలిపి యూనిక్ పెడతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ యూనిక్ ఇండెక్స్ లెక్కలో ఒక నల్ ఇంకో నల్‌తో సమానం కాదు. బతికున్న రెండు రికార్డులకూ డిలీటెడ్_యాట్ నల్లే, కాబట్టి ఒకే నంబరుతో రెండూ హాయిగా ఎక్కిపోతాయి. మనం దేన్ని ఆపాలనుకున్నామో దాన్నే వదిలేసింది. సరైన పద్ధతి: ఒక జనరేటెడ్ కాలమ్, అంటే మిగతా కాలమ్‌ల నుంచి డేటాబేసే విలువ కట్టే కాలమ్, పెట్టండి, డిలీటెడ్_యాట్ నల్ అయితే అందులో 1 రావాలి, కాకపోతే నల్ రావాలి. సర్వీసు నంబరునూ ఈ కాలమ్‌నూ కలిపి యూనిక్ చేయండి. బతికున్నవాటన్నిటికీ 1 కాబట్టి ఢీకొంటాయి, తీసేసినవాటికి నల్ కాబట్టి ఢీకొనవు. నల్ గుణం మనల్ని ముంచే చోటే ఇప్పుడు మనకు పనికొస్తుంది.

ఇదంతా డిలీట్ సజావుగా సాగడానికి. ఇక రిస్టోర్. ఓనర్ పొద్దున్నే ఫోన్ చేశాడన్నాం గదా. మీరు రిస్టోర్ నొక్కేలోపు గుమాస్తా కంగారులో అదే రైతును, అదే ఫోన్ నంబరుతో కొత్తగా ఎక్కించేసి, రెండు మేత బిల్లులు కూడా కొట్టేశాడు. ఇప్పుడు పాత రికార్డులో డిలీటెడ్_యాట్‌ను నల్ చేయబోతే యూనిక్ అడ్డం కొడుతుంది. చేయకూడని పని, పాత రికార్డు నంబరుకు ఏదో తోక తగిలించి లోపలికి నెట్టడం. రిస్టోర్ కోడ్ ముందే ఢీ ఉందేమో చూసి, ఉంటే రెండు రికార్డులనూ పక్కపక్కనే చూపించి గుమాస్తానే అడగాలి: ఇద్దరూ ఒకరేనా? ఒకరే అయితే కొత్త రికార్డు కింద ఉన్న బిల్లులను పాత ఐడీకి మార్చి, కొత్తదాన్ని సాఫ్ట్ డిలీట్ చేసి, ఆ తర్వాతే పాతదాన్ని లేపాలి. వరస తప్పకూడదు, మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ కాకుండా, జరగాలి. వేరు వేరు మనుషులైతే, నంబరు ఇప్పుడెవరిదో వాళ్లకే ఉంచి, పాత రికార్డు నంబరు ఖాళీగా లేపాలి. సిమ్ వదిలేసిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి పోవడం మామూలే. ఈ తెర గీయకుండా రిస్టోర్ బటన్ పెట్టారంటే, సరిగ్గా అవసరమైన రోజునే అది ఎర్రర్ చూపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి, పిల్ల రికార్డులు, అంటే రైతు కింద ఉండే గుంటల్లాంటివి. ఒక రైతుకు నాలుగు గుంటలు. రెండో గుంట కౌలు గడువు తీరి మార్చిలో దాన్ని తీసేశారు. జూన్‌లో పొరపాటున రైతునే తీసేశారు, ఆయనతో పాటు మిగిలిన మూడు గుంటలూ పోయాయి. రిస్టోర్ చేస్తే ఎన్ని గుంటలు రావాలి? మూడు. "ఈ రైతు ఐడీ ఉన్న గుంటలన్నీ లేపు" అని రాస్తే నాలుగూ లేస్తాయి. ఎప్పుడో వదిలేసిన గుంట మళ్లీ జాబితాలోకొచ్చి కూర్చుంటుంది.

కొందరు సమయం చూసి తేల్చుకుంటారు: రైతు డిలీటెడ్_యాట్ ఎంతో, గుంటకూ అంతే ఉంటే లేపు అని. పోస్ట్‌గ్రెస్‌లో నౌ అనే ఫంక్షన్ ట్రాన్సాక్షన్ మొదలైన సమయాన్ని ఇస్తుంది కాబట్టి ఒకే ట్రాన్సాక్షన్‌లో అన్నిటికీ ఒకే విలువ పడుతుంది, పనిచేస్తుంది. మైఎస్‌క్యూఎల్లో అదే నౌ ఒక్కో వాక్యం మొదలైన సమయం ఇస్తుంది, ఒక సెకను అటూ ఇటూ అయితే లెక్క తప్పుతుంది. అప్లికేషన్ కోడ్‌లోంచి సమయం పంపితే ఇక చెప్పక్కర్లేదు. సమయాన్ని గుర్తింపు కార్డుగా వాడొద్దు.

దీనికి వేరే టేబుల్ పెట్టండి, డిలీషన్లు అని. ఒక తొలగింపుకు ఒక రికార్డు: ఎవరు చేశారు, ఎప్పుడు, కారణం, ఏ టేబుల్లో ఏ ఐడీతో మొదలైంది. రైతులు, గుంటలు రెండు టేబుళ్లలోనూ డిలీషన్_ఐడీ అనే కాలమ్ ఉంటుంది. రైతును తీసేటప్పుడు ముందు డిలీషన్ల టేబుల్లో ఒక రికార్డు రాసి, వచ్చిన ఐడీని రైతుకూ, ఇంకా బతికున్న గుంటలకూ వేయాలి. "ఇంకా బతికున్న" అన్న మాట ముఖ్యం. అప్‌డేట్‌లో "డిలీటెడ్_యాట్ ఈజ్ నల్" అని రాయకపోతే మార్చిలో పోయిన గుంట మీద జూన్ తేదీ పడి, పాత చరిత్ర చెరిగిపోతుంది. రిస్టోర్ అప్పుడు తేలికవుతుంది: ఈ డిలీషన్_ఐడీ ఎవరికుందో వాళ్లనే లేపు. తర్వాత డిలీషన్ల టేబుల్లోనూ ఎవరు, ఎప్పుడు రిస్టోర్ చేశారో రాసి ఉంచు.

తండ్రి చెత్తబుట్టలో ఉండగా పిల్లను ఒక్కదాన్నే లేపనివ్వకూడదు. రైతు లేని గుంట ఏ జాబితాలోనూ సరిగ్గా కనపడదు.

ఇక్కడ ఫారిన్ కీ మనకు సాయం చేయదని గుర్తుంచుకోండి. తండ్రి పోతే పిల్లల్నీ తుడిచే ఆన్ డిలీట్ క్యాస్కేడ్ అనేది నిజమైన డిలీట్‌కే కదులుతుంది. మనం చేసేది అప్‌డేట్. కాబట్టి పిల్లలకు గుర్తు పెట్టే బాధ్యత మనదే. దాన్ని మోడల్ ఈవెంట్లలో, అంటే ఒక్కో రికార్డు మారినప్పుడు నడిచే కోడ్‌లో, పెట్టుకుంటే ఇంకో తంటా: లారావెల్లో షరతు పెట్టి ఒకేసారి చాలా రికార్డులను డిలీట్ చేస్తే ఒక్కో మోడల్ ఈవెంటూ నడవదు. జాంగోలో క్వెరీసెట్ మీద డిలీట్ పిలిచినా మోడల్లో మీరు రాసుకున్న డిలీట్ పద్ధతి నడవదు. రైతులు పోతారు, గుంటలు మిగిలిపోతాయి. తొలగింపునంతటినీ ఒక సర్వీస్ ఫంక్షన్‌లో రాసి, అందరూ దాని ద్వారానే వెళ్లాలని కట్టుబాటు పెట్టుకోవడం మేలు.

ఇంకో సన్నటి చీలిక. ఒక గుమాస్తా రైతును తీసేస్తున్న క్షణంలోనే ఇంకో గుమాస్తా అదే రైతుకు కొత్త గుంట ఎక్కిస్తున్నాడు. నిజమైన డిలీట్ అయితే ఫారిన్ కీ ఒకరిని ఆపేది. పోస్ట్‌గ్రెస్‌లో పిల్ల రికార్డు ఎక్కేటప్పుడు ఫారిన్ కీ తనిఖీ తండ్రి మీద వేసే తాళం చాలా పలచనిది, కీ కాని కాలమ్ మారిస్తే అడ్డుపడదు. డిలీటెడ్_యాట్ కీ కాదు గదా. ఇద్దరి పనీ సాఫీగా అయిపోతుంది, తీసేసిన రైతు కింద బతికున్న గుంట ఒకటి మిగులుతుంది. అందుకని గుంట ఎక్కించే కోడ్ ముందు రైతు రికార్డును ఫర్ షేర్ అనే గట్టి తాళంతో చదివి, బతికే ఉన్నాడని చూసుకుని, అప్పుడు ఇన్‌సర్ట్ చేయాలి. తీసేసే కోడ్ ఫర్ అప్‌డేట్‌తో చదవాలి. చిన్న అంగడిలో ఇది ఏడాదికొకసారి కూడా జరగకపోవచ్చు, కానీ లాక్ రాయడం రెండు పదాల పని.

బిల్లుల సంగతి చెప్పలేదేమని చూస్తున్నారా? కావాలనే చెప్పలేదు. బిల్లులకూ జమలకూ సాఫ్ట్ డిలీట్ పెట్టొద్దు. తప్పు బిల్లును రద్దయింది అనే స్థితికి మార్చండి, సరుకు వెనక్కొస్తే క్రెడిట్ నోట్ రాయండి. జీఎస్‌టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కంపెనీలైతే 2023 ఏప్రిల్ 1 నుంచి వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ ఆడిట్ ట్రెయిల్ ఉండి తీరాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. మాయమయ్యే బిల్లు ఈ రెండు లెక్కల్లోనూ ఇమడదు. ఇంకా ముందుకెళ్లి చెబుతాను, బాకీ సున్నా కాని రైతుకు డిలీట్ బటన్ పనిచేయనే కూడదు. మన ఉదాహరణలో ఆ ఒక్క తనిఖీ ఉండి ఉంటే ఓనర్ ఫోనే వచ్చేది కాదు.

డేటాబేస్ బయట జరిగేవి కూడా చూసుకోండి. తీసేసిన వ్యక్తికి లాగిన్ ఉంటే సెషన్లు, టోకెన్లు రద్దు కావాలి, లేకపోతే ఖాతా తీసేశాక కూడా ఫోన్‌లో యాప్ నడుస్తూనే ఉంటుంది. క్యూలో ఉన్న బాకీ మెసేజ్ పంపే ముందు రికార్డు బతికుందో లేదో మళ్లీ చూడాలి. సెర్చ్ ఇండెక్స్‌లోంచి తీయాలి, రిస్టోర్‌లో తిరిగి ఎక్కించాలి. ఈ రెండో సగమే మర్చిపోతారు, రైతు జాబితాలో ఉంటాడు గానీ వెతికితే దొరకడు. అప్‌లోడ్ చేసిన కౌలు పత్రాల ఫైళ్లను మాత్రం సాఫ్ట్ డిలీట్ సమయంలో ముట్టుకోవద్దు. ఫైలు లేని రికార్డును రిస్టోర్ చేసి ఏం లాభం?

తుడిచే పని. జీమెయిల్ చెత్తబుట్ట 30 రోజులుంచుతుంది. మీరు 30 పెడతారో 90 పెడతారో వ్యాపారాన్ని బట్టి. పట్టుబడికి మూడు, నాలుగు నెలలు పట్టే చోట 30 రోజులు తక్కువ, పంట చివర లెక్క చూసేటప్పుడే తప్పు బయటపడుతుంది. నేనైతే 180 పెడతాను. రాత్రి పూట నడిచే జాబ్, ఒకసారికి 1,000 రికార్డులు, ముందు పిల్లలు, తర్వాత బిల్లులు లేని తండ్రులు, విడతకో కమిట్. ఒకే దెబ్బకు లక్ష తుడిస్తే లాకులు పట్టుకుని కూర్చుంటుంది. మైఎస్‌క్యూఎల్లో డిలీట్‌కు లిమిట్ పెట్టొచ్చు, పోస్ట్‌గ్రెస్‌లో ఆ వీలు లేదు, ఐడీలను సబ్‌క్వెరీలో లిమిట్‌తో ఏరి ఇవ్వాలి. పోస్ట్‌గ్రెస్‌లోనే ఇంకోటి: ఫారిన్ కీ ఉన్న పిల్ల కాలమ్ మీద ఇండెక్స్ దానంతటది రాదు. మీరు కట్టకపోతే ఒక్కో రైతును తుడిచినప్పుడల్లా గుంటల టేబుల్ మొత్తం చదువుతుంది. మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీ అయితే తానే కట్టుకుంటుంది. తుడిచాక డిస్క్ ఖాళీ కాలేదని కంగారు పడొద్దు. పోస్ట్‌గ్రెస్‌లో వ్యాక్యూమ్ అనే శుభ్రపరిచే పని ఆ చోటును మళ్లీ వాడుకోవడానికి సిద్ధం చేస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మామూలుగా తిరిగివ్వదు.

"నా వివరాలు తీసేయండి" అని మనిషే అడిగితే సాఫ్ట్ డిలీట్ జవాబు కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో చెరిపేయమని అడిగే హక్కు రాసి ఉంది. చట్ట ప్రకారం ఉంచాల్సిన బిల్లులు ఉంచి, మిగతా వ్యక్తిగత వివరాలు, అంటే ఫోన్, ఆధార్, ఫొటో లాంటివి, నిజంగా చెరపాలి. చెరిపిన ఐడీల జాబితాను విడిగా దాచుకోండి. రేపు పాత బ్యాకప్ దించాల్సి వస్తే ఆ జాబితాను మళ్లీ నడపకపోతే చెరిపినవన్నీ లేచి వస్తాయి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, ఇన్ని తిప్పలెందుకు? తీసేసినవాటిని వేరే టేబుల్లోకి మార్చేస్తే పోలా?

మంచి మాట. రిస్టోర్ అరుదుగా జరిగే చోట అదే మేలని నేనూ అంటాను. డిలీట్ తర్వాత నడిచే ట్రిగ్గర్ ఒకటి రాసి, పాత రికార్డును మొత్తంగా జేసన్‌బీగా మార్చి ఆర్కైవ్ టేబుల్లో పడేయండి. అసలు టేబుల్ శుభ్రంగా ఉంటుంది, యూనిక్, జాయిన్, ఫారిన్ కీ అన్నీ మామూలుగా పనిచేస్తాయి. కష్టమంతా రిస్టోర్‌లోకి మారుతుంది. జేసన్ నుంచి రికార్డు కట్టడానికి పోస్ట్‌గ్రెస్‌లో జేసన్‌బీ_పాప్యులేట్_రికార్డ్ ఉంది. కానీ తీసేసిన తర్వాత టేబుల్‌కు కొత్తగా నాట్ నల్ కాలమ్ చేర్చి ఉంటే, పాత జేసన్‌లో ఆ పేరు ఉండదు, అక్కడ నల్ వస్తుంది. డీఫాల్ట్ విలువ ఉన్నా అది వర్తించదు, ఇన్‌సర్ట్ ఆగిపోతుంది. అందుకే ఆర్కైవ్‌లో ప్రతి రికార్డు పక్కన అప్పటి స్కీమా, అంటే టేబుల్ నిర్మాణం, వెర్షన్ రాసి పెట్టుకోవాలి. ఐడీ కాలమ్ జనరేటెడ్ ఆల్వేస్, అంటే విలువ ఎప్పుడూ డేటాబేసే ఇచ్చేది, అని ఉంటే పాత ఐడీ వేయడానికి ఓవర్‌రైడింగ్ సిస్టమ్ వాల్యూ అని రాయాలి. పైగా తండ్రి ముందు, పిల్లలు తర్వాత. గుమాస్తా వారానికి నాలుగుసార్లు రిస్టోర్ నొక్కే అంగడికి ఇది సరిపడదు.

ప్రశ్న: రిస్టోర్ బటన్ అందరికీ ఇవ్వొచ్చా?

తీసేసినవారికి పది సెకన్ల పాటు అన్‌డూ ఇవ్వండి, పొరపాట్లు చాలావరకు అక్కడే పోతాయి. చెత్తబుట్ట పేజీ నుంచి లేపడం ఓనర్‌కే. శాశ్వతంగా తుడవడం తెర మీద ఎవరికీ ఇవ్వొద్దు, రాత్రి జాబే చేసుకుంటుంది.

ప్రశ్న: మాది ఇప్పటికే నడుస్తున్న అప్లికేషన్, ఈజ్_డిలీటెడ్ కాలమ్‌తో ఉంది. పోస్ట్‌గ్రెస్, లారావెల్. ఎట్టా మార్చాలి?

ముందు డిలీటెడ్_యాట్, డిలీషన్_ఐడీ కాలమ్‌లు నల్‌తో చేర్చండి. తర్వాత కోడ్ పాత కాలమ్‌నూ కొత్త కాలమ్‌లనూ కలిపి రాసేలా మార్చి విడుదల చేయండి, చదవడం ఇంకా పాతదాంట్లోంచే. ఆపై పాత రికార్డులకు విలువలు నింపాలి. అవి ఎప్పుడు తీసేశారో ఎవరికీ తెలియదు. అప్‌డేటెడ్_యాట్‌ను తెచ్చి పెట్టాలనిపిస్తుంది, పెట్టొద్దు. అది రెండేళ్ల కిందటిదైతే మొదటి రాత్రే తుడిచే జాబ్ దాన్ని తినేస్తుంది. మార్పు చేసిన రోజు తేదీనే వేసి, డిలీషన్ల టేబుల్లో "పాత డేటా, అసలు తేదీ తెలియదు" అని కారణంతో ఒక రికార్డు పెట్టి దానికి కట్టండి. ఇలా ఒకే డిలీషన్_ఐడీ కిందికొచ్చినవాటిని మాత్రం గుంపుగా రిస్టోర్ చేయనివ్వొద్దు, ఒక్కొక్కటిగానే. అప్పుడు చదవడాన్ని కొత్త కాలమ్‌కు మార్చి, కొన్నాళ్లు చూసి, పాత కాలమ్ తీసేయండి.

పార్షియల్ యూనిక్ ఇండెక్స్ కట్టే ముందు, బతికున్నవాటిలో ఒకే ఫోన్ నంబరు రెండుసార్లున్నవి గ్రూప్ బై పెట్టి ఏరండి, తప్పకుండా కొన్ని ఉంటాయి. ఇండెక్స్‌ను కంకరెంట్లీ అని కట్టండి, లేకపోతే కట్టినంతసేపూ టేబుల్లో రాయడం ఆగిపోతుంది. కంకరెంట్లీ ట్రాన్సాక్షన్ లోపల నడవదు. లారావెల్ పోస్ట్‌గ్రెస్ మీద మైగ్రేషన్‌ను, అంటే టేబుళ్లను మార్చే కోడ్‌ను, ట్రాన్సాక్షన్‌లోనే నడుపుతుంది కాబట్టి, ఆ మైగ్రేషన్ క్లాసులో విథిన్‌ట్రాన్సాక్షన్ అనే ప్రాపర్టీని ఫాల్స్ చేయాలి. మధ్యలో డూప్లికేట్ తగిలి ఆగిపోతే, ఇన్‌వాలిడ్ అని గుర్తున్న సగం ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది. అది క్వెరీలకు పనికిరాదు గానీ ప్రతి ఇన్‌సర్ట్‌కూ భారం మోపుతుంది. దాన్ని డ్రాప్ చేసి, డూప్లికేట్లు సరిచేసి, మళ్లీ కట్టండి.